అప్డేట్ వచ్చింది, ఇష్టమైన బటన్ పోయింది!

మీకు ఎప్పుడైనా ఇట్లా జరిగిందా? రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటారు. పొద్దున లేచి రోజూ వాడే యాప్ ఓపెన్ చేస్తే, చూడకుండానే నొక్కే బటన్ అక్కడ ఉండదు. "యాడికి పోయిందప్పా ఇది?" అని సెట్టింగ్స్ అంతా వెతుకుతాం. మనల్ని ఎవరూ అడగలేదు, ముందుగా ఎవరూ చెప్పలేదు. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

అందరికీ తెలిసిన దానితో మొదలుపెడదాం. 2021 నవంబర్‌లో యూట్యూబ్ డిస్‌లైక్ లెక్క దాచేసింది. బటన్ ఉంది, నంబర్ కనపడదు. కావాలని గుంపుగా వచ్చి డిస్‌లైకులు కొట్టడం ఆపాలని అట్లా చేశామన్నారు. నిజం చెప్తున్నా, వీడియోలు చేసేవాడిగా నాకు అది హాయిగానే ఉంది. కానీ చూసేవాడిగా నష్టం. ఫోన్ రిపేర్ వీడియో ఫేకా కాదా అని ముందు ఒక్క చూపులో తెలిసేది. ఇప్పుడు పది నిమిషాలు చూశాక తెలుస్తుంది.

అంతకుముందు 2020 సెప్టెంబర్ 28న ఇంకొకటి తీసేశారు. వీడియోలకి చూసేవాళ్లే సబ్‌టైటిల్స్ రాసిచ్చే ఆప్షన్. వాడేవాళ్లు తక్కువ, స్పామ్ ఎక్కువ అన్నారు. కానీ చెవులు వినపడని వాళ్లకి ఆ "తక్కువ మంది" రాసిందే ఆధారం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు మన వైపు వద్దాం. బుక్కపట్నం నుంచి ధర్మవరం, హిందూపురం దాకా చూడండి, పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపుల్లో కొన్నిట్లో ఇప్పటికీ పేజ్‌మేకర్ నడుస్తా ఉంటుంది. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది, 1994లో అడోబీ ఆ కంపెనీని కొనేసింది. 2001లో వచ్చిన 7.0 ఆఖరి వెర్షన్. ఆ తర్వాత "ఇన్‌డిజైన్‌కి మారండి" అన్నారు. మరి మనవాళ్లు ఎందుకు మారలేదు? మొండితనమా? కాదు. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు వత్తులు సరిగ్గా కూర్చే ఏర్పాటు 2012లో సీఎస్6తో వచ్చింది. అప్పటిదాకా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జోడీతోనే పని. కీబోర్డు చూడకుండా టకటకా కొట్టే ఒక అన్నని అడిగితే ఒకటే మాట అన్నాడు: "వేళ్లకి అలవాటైపోయిందిరా, మళ్లీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టాలంటే ఎట్లా?"

కానీ ఇక్కడ ఒక చిక్కుంది. అను ఫాంట్లలో కొట్టింది మనకి తెలుగులా కనపడుతుంది గానీ, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల కోడే. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అంటే ఇన్నేళ్లు కొట్టిన పుస్తకాలు, గుడి చరిత్రలు, ఊరి కవుల పద్యాలు అన్నీ ఆ పాత కంప్యూటర్‌లోనే ఇరుక్కున్నట్టు. సెర్చ్‌లో దొరకవు. ఆ హార్డ్ డిస్క్ పోతే అవీ పోతాయి.

సరే, కంపెనీలు ఎందుకు తీసేస్తాయి? బీటెక్ అయ్యాక నేనూ ఒక కంపెనీలో కోడ్ రాశాను కదా, లోపలి సంగతి చెప్తా. ప్రతి బటన్ వెనకా కోడ్ ఉంటుంది. ఫోన్లో కొత్త ఓఎస్ వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ టెస్ట్ చేయాలి, బగ్స్ సరిచేయాలి. వాడేవాళ్లు తక్కువైతే మీటింగ్‌లో "ఇది తీసేద్దాం" అంటారు. ఒకసారి నేనే అట్లా ఒక ఫీచర్ తీసేశాను. లిస్టుని ప్రింట్ తీసుకునే చిన్న బటన్. డ్యాష్‌బోర్డులో నంబర్ చానా తక్కువుంది, డిలీట్ కొట్టి టీ తాగడానికి పోయాను. వారం తర్వాత ఒక చిన్న అంగడాయన మెయిల్ పెట్టాడు. రోజూ సాయంత్రం ఆ ప్రింటే తీసి, ఫోన్ వాడటం రాని వాళ్ల నాయనకి చూపించేవాడంట. నంబర్‌లో ఆయన ఒక్కడే. ఆ ఇంట్లో మాత్రం ఆ బటనే మొత్తం యాప్. మా టీమ్ దాన్ని తిరిగి పెట్టలేదు. నేనూ గట్టిగా అడగలేదు. ఇప్పటికీ అది నాకు గుచ్చుకుంటా ఉంటుంది.

అడిగితే వస్తుందా? ఒక్కోసారి వస్తుంది. 2012లో విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేశారు. జనం గోల గోల చేశారు. 2013లో 8.1తో బటన్ వచ్చింది, 2015లో విండోస్ 10తో మెనూ కూడా వచ్చింది. ఒక్కోసారి రాదు. గూగుల్ రీడర్ కావాలని జనం ఎంత మొత్తుకున్నా 2013 జులై 1న మూసేశారు. కానీ మూసేముందు తమ లిస్టు డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు వేరే యాప్‌లో పెట్టుకొని చదువుకున్నారు.

కాబట్టి మనం చేయాల్సింది మూడు పనులు. ఒకటి, ఇష్టమైన యాప్‌లో ఎక్స్‌పోర్ట్ ఆప్షన్ ఉందా చూసి, నోట్సు, ఫోటోలు అప్పుడప్పుడు బయటికి తీసిపెట్టుకోండి. రెండు, ఫీచర్ పోతే రివ్యూలో తిట్టి ఊరుకోకండి. "నేను దీన్ని ఇందుకు వాడతా" అని రాయండి. తిట్టు ఎవరూ చదవరు, ఆ అంగడాయన మెయిల్ లాంటిది మర్చిపోలేరు. మూడు, మీ ఇంట్లోనో తెలిసినవాళ్ల షాపులోనో అను ఫైల్స్ ఉంటే, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది ఇవ్వండి. ఒక ఆదివారం పని. వాళ్లకి రాదు, మీకు వస్తుంది.

మీరు బాగా మిస్ అవుతున్న ఫీచర్ ఏది? కామెంట్‌లో చెప్పండి. ఈ వీడియో నచ్చకపోతే డిస్‌లైక్ కూడా కొట్టండి, నంబర్ మీకు కనపడకపోయినా నాకు కనపడుతుంది. ఉంటా మరి, బై!