శరన్నవరాత్రములు - శక్తిపూజయందలి యంతరార్థము

(అమలాపురమున నొక పఠనమందిరమునందు దసరాపండుగ సందర్భమున జేయబడిన యుపన్యాసము)



శరన్నవరాత్రములు వచ్చినవి. కొబ్బరితోటల నడుమ వెలసిన యీ పట్టణమున వీధివీధియందును దీపములు వెలుగుచున్నవి. కొంకాపల్లి, మహిపాలవీధి, గండువీధి మొదలగు వీధులవారు తమతమ వాహనముల నలంకరించుచున్నారు. తాలింఖానా కుఱ్ఱవాండ్రు కఱ్ఱలు చేతబట్టి సాము నేర్చుచున్నారు. ఇట్టి సమయమున మీ ముందు నిలిచి యొక ప్రశ్న నడుగ దలచితిమి. మనము పూజించు నీ తల్లి యెవరు? ఆమె యెట్లు పుట్టెను?

మార్కండేయపురాణాంతర్గతమును, 13 అధ్యాయములు గలదియునగు దేవీమాహాత్మ్యమున దీనికి సమాధానము గలదు. మహిషాసురునిచే నోడి స్వర్గమును గోల్పోయిన దేవతలు హరిహరులకడకు బోయి మొఱపెట్టుకొనిరి. అప్పుడు వారందఱి దేహములనుండియు తేజస్సు వెడలి యొక్కచో రాశియై స్త్రీరూపము దాల్చెను. శివుని తేజము ముఖమయ్యెను, విష్ణుతేజము బాహువులయ్యెను, బ్రహ్మతేజము పాదములయ్యెను, అగ్నితేజము కన్నులయ్యెను. శివుడు శూలమును, విష్ణువు చక్రమును, వరుణుడు శంఖమును, ఇంద్రుడు వజ్రమును, విశ్వకర్మ గండ్రగొడ్డలిని, హిమవంతుడు సింహమును సమర్పించిరి. విడివిడిగా పోరిన దేవత లోడిపోయిరి. వారి తేజస్సే యొక్కటియైనప్పుడు గెలిచెను. కావున దుర్గ యన నొక కులమునకో, ఒక వీధికో చెందిన దేవత కాదు. అందఱును తమతమ భాగము నిచ్చిననే గాని యామె మూర్తి పూర్తికాదు. ఒక్కరు తమ భాగమును దాచుకొన్నను తల్లికి అంగలోపము కలుగును. శక్తిపూజయందలి మొదటి యర్థ మిదియే.

రెండవది మహిషుని తీరు. వాడు యుద్ధమున మహిషమై, సింహమై, ఖడ్గధారియగు పురుషుడై, ఏనుగై, మరల మహిషమై రూపములు మార్చెను. మన పగవాడును అట్టివాడే. పరపాలన మొక రూపము. అది 1947లో తొలగెను. కులద్వేష మొక రూపము; మద్యపాన మొక రూపము; లంచ మొక రూపము. ఒక్కటి కూలగానే పండుగ ముగిసినదని యింటికి బోవుట తగదు.

మూడవది రక్తబీజుని కథ. వాని నెత్తురు బొట్టు నేలబడిన ప్రతిచోట నొక్కొక్క రాక్షసుడు పుట్టుచుండెను. కొట్టినకొలది శత్రువు పెరుగుచుండెను. అప్పుడు చాముండ నోరు తెఱచి నెత్తురు నేలబడకుండ ద్రావెను. పిమ్మటనే వాడు చచ్చెను. ఈ కథ మన రాజోలుసీమకు క్రొత్తది కాదు. అంతర్వేది స్థలపురాణమున రక్తవిలోచనుని కథయు నిట్టిదే. నరసింహస్వామి వానితో బోరునప్పుడు నెత్తురు నేలబడకుండ నాపినది అశ్వారూఢాంబిక. మన మామెను గుఱ్ఱాలక్క యని పిలిచి నేటికిని కొలుచుచున్నాము. దెబ్బకు దెబ్బ తీయుట వీరత్వమని తలచువారు ఈ రెండు కథలను మఱువరాదు. నేలబడిన నెత్తురు మొలచును. దానిని మొలవనీయకుండుటయే శక్తి.

ఇక కొంచెము కఠినమైన మాట చెప్పవలసియున్నది; మన్నింపుడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ వేఱు జిల్లా యయ్యెను. దానికి డాక్టరు అంబేద్కరుగారి పేరు చేర్పవలెనను ప్రతిపాదన రాగా, మే 24వ తేదీన నీ పట్టణమున రాళ్లు లేచినవి, బస్సులు కాలినవి, ప్రజాప్రతినిధుల యిండ్లు తగులబడినవి. ఏ వీధులలో అమ్మవారి వాహనములు సాగునో ఆ వీధులలోనే పొగలు సాగినవి. న్యాయవాదవృత్తియం దున్నవారము గనుక, అభియోగములకు లోనైన కుఱ్ఱవాండ్ర తల్లులు న్యాయస్థానపు వరండాలలో కూర్చుండి కొంగుతో కన్ను లొత్తుకొనుట మేము చూచితిమి. భయముచే నెలలతరబడి సాయంకాలము వీధిలోనికి రాని కుటుంబములను నెఱుగుదుము. ఆ పేరు జిల్లాకు నిలిచినది. మనసులందలి మాట యేమైనది? నెత్తురు బొట్టు నేలబడి మొలచినదా, లేక ఎవరైన దానిని ద్రావిరా? ఎవరికి వారే యోచించుకొనవలయును.

1947 నాటి మదరాసు ఆలయప్రవేశ చట్టము గుడితలుపులు తెఱచెను. 1950 జనవరి 26నుండి యమలునందున్న రాజ్యాంగపు 17వ యధికరణము అస్పృశ్యతను నిషేధించెను. ఆ రాజ్యాంగరచనాసంఘమునకు అధ్యక్షులు ఏ మహాశయుడో, ఆయన పేరే యిప్పుడు మన జిల్లాకు గలదు. కాని చట్టము గడపవఱకే తోడురాగలదు. గడప దాటి రమ్మని పిలువవలసినది మనము. అమలాపురపు సుబ్బాలమ్మ తల్లియు, కొత్తపేట చెంత వానపల్లి పల్లాలమ్మ తల్లియు గ్రామదేవతలు. గ్రామదేవత యన గ్రామమంతటికిని తల్లి. గ్రామములో సగమును వెలుపల నిలిపి చేయు జాతర తల్లికి జాతర కాదు.

దేశమాతను గూర్చియు నిదియే న్యాయము. 1882లో గ్రంథరూపమున వెలువడిన బంకించంద్రుని ఆనందమఠమున గల వందేమాతరగీతమును 1896 కలకత్తా కాంగ్రెసులో రవీంద్రుడు గానము చేసెను. 1907లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చినపిదప, అచ్చటి విద్యార్థులు ఆ మాట పలికి శిక్షలు పొందిరి. ఆ గీతముపై నంతటి ప్రేమ గల కాంగ్రెసే 1937లో మహమ్మదీయ సోదరుల మనసు నెఱిగి, జాతీయసభలలో మొదటి రెండు చరణములనే పాడవలెనని తీర్మానించెను. ఒక బిడ్డను దూరము చేసి తల్లిని పొగడుట పొగడ్త కాదని నాటి పెద్ద లెఱిగిరి.

మన చెడీతాలింఖానాయందును ఈ ధర్మమే యున్నది. పందొమ్మిదవ శతాబ్దినుండి వచ్చుచున్న యీ విద్యను, పరపాలకుల నెదుర్కొన యువకులను సిద్ధపఱచుటకై పెద్దలు స్థాపించిరని పట్టణమున జెప్పుకొందురు. కన్నులకు గంత గట్టుకొని, పరుండిన మనుష్యునిపై నుంచిన కొబ్బరికాయను కత్తితో నఱకుట మీరు చూచితిరి. జనము చప్పట్లు కొట్టునది కాయ తెగినందుకు కాదు. క్రింది మనుష్యునికి గాయము కానందుకు. ఆగ నేర్చిన కత్తియే ఆయుధము. ఆగనేరనిది కేవల మినుము.

జమ్మిచెట్టును దలచుడు. పాండవు లజ్ఞాతవాసమునకు ముందు శమీవృక్షమున నాయుధములు దాచిరి. ద్రౌపది కవమానము జరిగినప్పుడును వాటిని తీయలేదు. విరాటుని గోవులను కౌరవులు పట్టుకొనిపోవునప్పుడు, ఆశ్రయమిచ్చిన వాని సొమ్మును కాపాడుటకై అర్జునుడు గాండీవము దీసెను. ఆయుధపూజనాడు రైతు నాగలికిని, దింపువాడు కత్తికిని, బండారులంక నేతగాడు మగ్గమునకును, మావంటివారు కలమునకును బొట్టు పెట్టుదుము. ఆ బొట్టు ‘నీచే నెవరికిని కీడు జరుగకుండుగాక’ యని చేయు ప్రమాణము.

తుదకు మా విన్నపమొక్కటి. విజయదశమినాడు మన మొక చీటిపై శమీశ్లోకమును, ఇంటివారి పేర్లను వ్రాసి జమ్మికొమ్మకు గట్టుదుము. ఈ యేడు ఆ చీటిపై నింకొక పేరు వ్రాయుడు. మీ రెన్నడును గడప త్రొక్కని వీధిలోని, మీరెన్నడును మంచినీరు త్రాగని యొక యింటివారి పేరు వ్రాయుడు. మఱునాడు జమ్మియాకు చేతబట్టి ఆ యింటికి బోవుడు. వారిచ్చిన నీరు త్రాగుడు. వారిని మీ యింటికి బిలువుడు. మేమును, మాతో పనిచేయు కార్యకర్తలును ఈ పని మొదట చేసెదము. ఏయే వీధులకు బోయితిమో వచ్చు వారము ఈ మందిరముననే చెప్పుకొందము.

దేవతలు తమ తేజస్సు నిచ్చి తల్లిని నిర్మించిరి. మన మొక్క పూట గర్వమును విడిచిపెట్టలేమా?

వందేమాతరమ్.