వాట్ల సంగతి తర్వాత, బండి కప్పు దేనిది?

శనివారం పొద్దున సైబర్ టవర్స్ మీదుగా ఎన్ని థార్లు, జిమ్నీలు అనంతగిరి వైపు వెళ్తాయో మాదాపూర్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వికారాబాద్ దాటి మట్టిబాట పట్టాక ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతాయి. ముందు బండి బురదలో దిగబడితే వెనకవాళ్ళకి తెలిసే దారి లేదు. అందుకే వైర్‌లెస్ సెట్టు కొందామంటారు. కొనేటప్పుడు అందరూ అడిగేది, "ఎన్ని వాట్లు సార్?" అని. నేను మాత్రం ముందు మీ బండి కప్పు ఇనుమా, ఫైబరా, కాన్వాసా అని అడుగుతాను.

ఎందుకంటే మీరు నిలబెట్టే పావు వేవ్ కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం దాని కింది ఇనుప రేకు. హామ్ (అమెచ్యూర్ రేడియో) వాళ్ళు వాడే 145 మెగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు రెండు మీటర్లు, కడ్డీ అరమీటరు. చుట్టూ కూడా అరమీటరు చొప్పున రేకు ఉంటే మేలు. జిమ్నీ కప్పు ఇనుమే కాబట్టి నడిమధ్య మాగ్నెట్ మౌంట్ పెడితే నాలుగు దిక్కులా దాదాపు సమానంగా వినబడుతుంది. కాన్వాస్ టాప్ థార్‌కి మాగ్నెట్ అంటుకోదు, రేకూ లేదు. దానికి రేకు మీద అంతగా ఆధారపడని హాఫ్ వేవ్ యాంటెన్నా తీసుకుని, బానెట్ అంచునో స్పేర్ చక్రం పక్కనో బ్రాకెట్‌కి బిగించండి. అలా మూలన పెడితే సిగ్నల్ బండి మీదుగా ఎదుటి మూల వైపు ఎక్కువ పోతుంది, ఆ తేడా తప్పదు. బ్రాకెట్ కింద పెయింటు గీకి రేకు తేలేదాకా రుద్దాలి. మెకానిక్ వద్దంటాడు, వినకండి. తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాస్తే సరి.

విదేశీ వీడియోలు చూసి బుల్ బార్‌కి బిగిద్దామనుకుంటారు కొందరు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది, కాబట్టి ఆ ఆలోచన మానుకోండి.

ఇక గెయిన్. ఐదు బై ఎనిమిది వేవ్ యాంటెన్నా టార్చి వెలుగును కుదించినట్టు శక్తిని అడ్డంగా పంపుతుంది. ఓఆర్ఆర్ మీద బాగుంటుంది. గుట్టల్లో బండి ఒరిగితే ఆ శక్తి ఒకవైపు నేలలోకి, ఒకవైపు ఆకాశంలోకి పోతుంది. పైగా కడ్డీ నూట ముప్పై సెంటీమీటర్లు, ప్రతి కొమ్మకీ తగులుతుంది. కొండల్లో పొట్టి పావు వేవే నయం. మడత మౌంట్ తీసుకుంటే ఆఫీసు బేస్‌మెంట్ హైట్ బార్ దగ్గరా ఇబ్బంది ఉండదు.

లైసెన్సు మాట. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండుకి మినహాయింపు 5 వాట్ల వరకే, అదీ సెట్టుకే అమర్చిన యాంటెన్నాతో. కప్పు మీద వేరే యాంటెన్నా పెడితే ఆ మినహాయింపు వర్తించదు. 144 నుంచి 146లో మాట్లాడాలంటే హామ్ పరీక్ష రాయాలి, కాన్వాయ్‌లో మైకు పట్టే ప్రతి ఒక్కరూ. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన ఊళ్ళోనే ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ గారితో ఆ సంస్థ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. సరదాకి తీసుకెళ్ళిన సెట్లతోనే క్షేమ సమాచారాలు బయటికి పంపారు.

ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తెచ్చాను, యాంటెన్నా సెట్టుకి సరిగ్గా పొందిందో లేదో అది చెబుతుంది. బండ్లు బేస్‌మెంట్లో ఉంటే పైకి తెండి. నెత్తిన శ్లాబులో చువ్వలున్నచోట రీడింగు నమ్మలేం. ఒకటిన్నర లోపు వస్తే కడ్డీని ముట్టుకోవద్దు. ఎక్కువొస్తే కత్తిరించే ముందు ఎర్త్ చూడండి.