ఇంటి పట్టున నాలుగు రూపాయలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతులము. తెలుగులో ఎక్కడైనా మాట తడబడితే పెద్ద మనసుతో మన్నించగలరు. "ఇంటి రాబడి పెంచుకునే మార్గాల గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. వ్యాపారం చేసి ఎరుగని వారము. అయితే బడిలో హాజరు పట్టీ మా చేతిలో ఉంటుంది. ఏ ఇంట్లో ఎప్పుడు ఇబ్బంది వచ్చిందో ఆ పట్టీయే చెబుతుంది. కనుక అక్కడి నుంచే మొదలుపెడతాము.

ఆ మధ్య ఏడవ తరగతి అమ్మాయి ఒకతె పది రోజులు బడికి రాలేదు. జ్వరమేమో అనుకొని ఇంటికి వెళ్లాము. తల్లి మిషను మీద ఉన్నది. పండగ ముందు రోజులు. జాకెట్లు గుట్టగా పడి ఉన్నవి. అమ్మాయి పక్కన కూర్చొని హుక్సులు కుడుతున్నది. "దీని కాలేజీ చదువు కోసమే కదా సార్, ఈ తిప్పలన్నీ!" అన్నది ఆ తల్లి. మాకు నోట మాట రాలేదు. చదువు కోసం సంపాదన; ఆ సంపాదన కోసం చదువు మానడం! తప్పు ఆ తల్లిది కాదు. ఆమె పక్కన కూర్చొని లెక్క చూసినవారు లేరు. ఆ లెక్కే ఈనాటి మా ప్రసంగం.

మొదటిది కుట్టుపని. మన ఇళ్లలో మిషను లేని ఇల్లు తక్కువ. జాకెట్లు, చీరలకు ఫాల్సు, పీకో, కాజాలు, మగ్గం వర్కు అన్నీ మన ఆడపిల్లలకు వచ్చు. కానీ ఎంత మిగిలిందని అడిగితే చెప్పేవారు లేరు. ఉదాహరణకు జాకెట్టుకు వంద రూపాయలు వచ్చిందనుకోండి. లైనింగు, దారం, హుక్సులు, కరెంటు కలిపి నలభై పోతే మిగిలింది అరవై. దానికి మూడు గంటలు పట్టితే గంటకు ఇరవై. కూతురు కూడా గంట కూర్చుంటే గంటకు పదిహేనే. ఇట్లా కాగితం మీద వేస్తేనే ఏ పని ఉంచుకోవాలో, దేనికి రేటు పెంచమని అడగాలో తెలుస్తుంది. మా ఇంటి సంగతి కూడా దాచము. మా ఇంట్లో వారు ఏళ్ల తరబడి ఫాల్సు కుట్టారు. ఆ డబ్బు పాలకు, కూరలకు కలిసిపోయింది. ఎంతో మేమూ అడగలేదు, ఆమే చెప్పలేదు. పిల్లలకు లెక్కలు నేర్పే మేము ఇంట్లో వందరూపాయల నోటుబుక్కు పెట్టలేకపోయాము. సిగ్గుపడి చెబుతున్నాము.

రెండవది మన నేల ఇచ్చేది. చెరుకుపల్లి కృష్ణా డెల్టా ఊరు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో తడి ఆరకముందే మినుములు చల్లడం ఈ ప్రాంతపు పాత అలవాటు. ఇప్పుడు చాలా చేలలో మొక్కజొన్న వేస్తున్నా మినుము మనకు కొత్త కాదు. కల్లంలో మినుములు అమ్ముతాము. కొట్టుకు పోయి అప్పడాల పాకెట్టు కొంటాము. ఆ రెండు ధరల మధ్య తేడా ఎవరింటికి పోతున్నది? ఆలోచించండి.

బొంబాయి గిర్గాంలో 1959 మార్చి 15న ఏడుగురు ఆడవాళ్లు మేడ మీద కూర్చొని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి ఎనభై రూపాయలు, అదీ అప్పు. ఆ రోజు తయారైనవి నాలుగు పాకెట్లు. అదే నేటి లిజ్జత్ పాపడ్. ఇప్పుడు నలభై వేల మందికి పైగా స్త్రీలకు అది పని ఇస్తున్నది. కిటుకు చూడండి. పిండి ఒకచోట కలుపుతారు, కనుక రుచి మారదు. ముద్ద ఇంటికి తీసుకుపోయి, ఇంటి పని చూసుకుంటూ ఒత్తి, అప్పడాలు తెచ్చి తూకం వేయించి కూలి తీసుకుంటారు. విరాళాలు అడగకూడదని మొదట్లోనే నిర్ణయించుకున్నారు. లెక్కలు సరిగా రాయడం నియమంగా పెట్టుకున్నారు. మన వీధిలో ఏడు ఇళ్లు దొరకవా? వేసవి ఎండ మనకు ఖర్చు లేని పొయ్యి. అప్పడాలు, వడియాలు, ఊరుమిరపకాయలు పెట్టుకోవచ్చు. అయితే తినే వస్తువు అమ్మేవారు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద పేరు నమోదు చేయించుకోవాలి. ఇది మరువకండి.

మూడవది పెరడు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికే వనరాజా, గ్రామప్రియ అనే రకాలు తయారుచేసింది. గ్రామప్రియ గుడ్లకు, వనరాజా గుడ్లకూ మాంసానికీ. కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే మాత్రం ఒక్క వారంలో గూడు ఖాళీ. ఇక మేక. బక్రీదుకు మేకకు ఏడాది నిండాలి. నాలుగు నెలల పిల్లను కొంటే ఎనిమిది నెలలు మేపాలి. మన పండగ ఇంగ్లీషు క్యాలెండరులో ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. కనుక కిందటేడు కొన్న తేదీకే ఈ ఏడూ కొంటే వయసు చాలదు. ఈ చిన్న లెక్క తప్పి బేరం పోగొట్టుకున్నవారు ఉన్నారు.

పెట్టుబడి మాటేమిటి అంటారు. వారం వారం ఇంటి ముందు కూర్చొని వసూలు చేసే అప్పుల వల్ల మన రాష్ట్రంలో ఎంత కన్నీరు కారిందో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు అందరూ చూశారు. పైగా వడ్డీ మనకు కూడనిది. కనుక సంఘానికి మా మనవి ఒకటి. సంఘ నిధిలో కొంత వేరుపెట్టి ఖర్జె హసనాగా, వడ్డీ లేకుండా, ఒక మిషనుకో రెండు మేకపిల్లలకో ఇవ్వండి. అది తిరిగి వచ్చాక మరొక ఇంటికి ఇవ్వండి. దానం ఒకసారి తింటే అయిపోతుంది. తిరిగి వచ్చే డబ్బు పది ఇళ్లు తిరుగుతుంది.

దానికి రెండు షరతులు. ఒకటి, తీసుకున్న ఇంట్లో జమాఖర్చుల పుస్తకం ఉండాలి. అది ఆ ఇల్లాలి పేర ఉండాలి. రెండు, ఆ ఇంటి పిల్లల హాజరు తగ్గకూడదు. హాజరు పట్టీ నెలనెలా మేమే తెచ్చి కమిటీ ముందు పెడతాము. భాయీలారా, ఇందులో మన వంతూ ఉన్నది. పండగ రోజుల్లో మిషను ఆగకూడదంటే నీళ్లు మనం పట్టాలి, బజారు పని మనం చూడాలి. ఆ రెండు గంటలు మనం ఇస్తే అమ్మాయి రెండు గంటలు పుస్తకం ముందు ఉంటుంది.

ఆ అమ్మాయి మళ్లీ బడికి వస్తున్నది. కానీ పండగ వారాల్లో పట్టీలో ఆమె పేరు ఎదుట ఖాళీ గడులు ఇప్పటికీ కనబడుతున్నవి. వచ్చే వార్షిక సభకు ఆ గడులు నిండాయని మీకు చెప్పగలిగితే ఈ ప్రసంగం వృథా కానట్టే.