ప్రింటరు కొనబోయే ముందు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యాలయానికి ప్రింటరు కొనాలని గత నెల కార్యవర్గం తీర్మానించింది. జిరాక్సు, స్కానింగు కూడా చేసే ఆల్-ఇన్-వన్ కావాలన్నారు. లేజరా, ఇంక్‌జెట్టా అన్న దగ్గర ఇద్దరు పెద్దలు పట్టింపుకు పోయారు. 34 ఏళ్లు టైపు మిషను ముందు కూర్చున్నవాణ్ణి, స్టెన్సిలు కోసి సైక్లోస్టైల్ తిప్పినవాణ్ణి కనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను నిపుణుణ్ణి కాను, దెబ్బతిన్నవాణ్ణి.

మూడేళ్ల కిందట మా అబ్బాయి ఇంక్‌జెట్ కొనిపెట్టాడు. ధర తక్కువ, రంగులు ముచ్చటగా వచ్చేవి. మనవరాలి స్కూలు ప్రాజెక్టులు అయిపోయాక దాన్ని ముట్టుకున్నవారు లేరు. పైగా ఆఫీసు అలవాటు ఒకటి నన్ను వదల్లేదు. పని కాగానే గోడ మీది స్విచ్చి కట్టేయడం. మీలో చాలామందికి ఉన్నదే! మా ఆవిడ మోకాలి ఆపరేషను తరువాత రీయింబర్సుమెంటు కోసం బిల్లుల నకళ్లు తీయబోతే ప్రతి కాగితం మీదా అడ్డంగా తెల్ల చారలు. అంకె ఎనిమిదో మూడో తెలియదు. హెడ్ క్లీనింగ్ నాలుగుసార్లు చేశాను. చారలు తగ్గలేదు, ఇంకు మాత్రం తగ్గింది. గడువు ముంచుకొస్తోందని అలాగే పంపితే, "నకళ్లు స్పష్టముగా లేవు" అన్న అభ్యంతరంతో ఫైలు తిరిగొచ్చింది. సర్వీసులో ఉండగా ఆ వాక్యం నేనే ఎన్నిసార్లు రాశానో! డబ్బు చేతికందేసరికి మరో ఏడు నెలలు పట్టింది. అంతవరకు అప్పు మీద వడ్డీ కట్టాను.

తరువాత మెకానిక్ చెప్పాడు. ఇంక్‌జెట్‌లో ఇంకు వెంట్రుక కన్నా సన్నని రంధ్రాల గుండా కాగితం మీద పడుతుంది. రోజుల తరబడి వాడకపోతే ఆ రంధ్రాల్లోనే ఎండిపోతుంది. ప్రింటరు మీది బటను నొక్కి ఆపితే హెడ్డు తన మూలకు వెళ్లి మూత కింద చేరుతుంది. గోడ స్విచ్చి కట్టేస్తే ఒక్కోసారి మూత పడకుండానే ఆగిపోతుంది. నా కరెంటు పొదుపు అలా తగలడింది.

లేజరులో తడి లేదు. టోనరు అనే పొడి డ్రమ్ము మీద అంటుకుని, కాగితం మీదికి చేరి, వేడి రోలరు కింద కరిగి పట్టుకుంటుంది. నెల రోజులు మూలపడినా ఎండేది లేదు. నీటిచుక్క పడినా అక్షరం అలుక్కుపోదు.

కాబట్టి ఎన్ని కాగితాలు తీస్తాం అన్నదాని కన్నా ఎన్ని రోజులకొకసారి తీస్తాం అన్నది ముందు చూడాలి. మన ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో రద్దీ, తరువాత వారాల తరబడి ఖాళీ. మనకు కావలసింది నల్ల అక్షరాలే. అందుకని నలుపు-తెలుపు లేజరుకే నా ఓటు. బడి పిల్లలున్న ఇంట్లో, వారానికి రెండుసార్లయినా రంగుల పని ఉంటే, సీసాలతో ఇంకు నింపుకునే ట్యాంకు రకం మంచిదే. అక్కడ నేను వాదించను.

లేజరుకూ పేచీలున్నాయి. రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. మన చిన్న యూపీఎస్‌కు తగిలించవద్దు. కొత్త మిషనుతో వచ్చే టోనరు చాలా రకాల్లో సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. డ్రమ్ము వేరే కొనాలా అని అడగండి. టోనరు ధరను డబ్బా మీది పేజీల సంఖ్యతో భాగిస్తే పేజీ ఖర్చు వస్తుంది. అయితే ఆ సంఖ్య పేజీలో 5 శాతం మేర మాత్రమే అచ్చు పడుతుందని వేసిన లెక్క. మన ఒత్తు టైపింగుకు అన్ని పేజీలు రావు.

స్కానరు విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. కాగితాలు వాటంతటవే లాక్కునే ఫీడరు ఉంటే మంచిది, కాని పైన అద్దం తప్పక ఉండాలి. పాత సర్వీసు రిజిస్టరు పుటలు ఫీడరులో పెడితే చిరుగుతాయి. ఆ పుటలు మళ్లీ ఎవరు రాసిస్తారు?

మొన్న కుటుంబ పెన్షను దరఖాస్తు నకళ్ల కోసం ఒక సోదరి ఎండలో మూడు షాపులు తిరిగి ఇక్కడికొచ్చి కూలబడ్డారు. కొటేషన్లు కోశాధికారిగారి దగ్గరున్నాయి. ఈ నెలాఖరులోగా కొనవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.