ఈవీకి వింటర్ టైర్లు: కదిలించేది మోటారు, ఆపేది టైరు

చలి మొదలైంది, జాకెట్లు బయటికొచ్చేశాయి. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం టైర్ల గురించే. కెనడాలో, ముఖ్యంగా ఒంటారియోలో ఉంటూ ఈ మధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్న మనవాళ్ళని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో, జర్మనీలోనో ఉన్నవాళ్ళకి కూడా రూల్స్ తేడా తప్ప మిగతా విషయమంతా ఇదే.

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నాది ఆల్ వీల్ డ్రైవ్ ఈవీ. మొదటి స్నో పడిన రోజు డ్రైవ్‌వేలోంచి ఒక్క దెబ్బకి బయటికొచ్చేసింది. పక్కింటాయన పెట్రోల్ కారు చక్రాలేమో అక్కడే గిర్రున తిరుగుతా ఉన్నాయి. ఇంక నాకు వింటర్ టైర్లెందుకు? పైగా అవి వేస్తే రేంజ్ తగ్గుతుందంట కదా?"

చాలా మంచి ప్రశ్న. ఇదే అనుమానం చాలామందికి ఉంది. టైర్లంటే తక్కువ ఖర్చేం కాదు, వచ్చిన కొత్తలో ప్రతి డాలరూ లెక్కే. కాబట్టి "సేఫ్టీ ముఖ్యం" అని ఒక్క మాటతో తేల్చేయకుండా, అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఎలక్ట్రిక్ మోటారు చక్రం జారడం మొదలవగానే, మనం కన్ను మూసి తెరిచేలోపే శక్తి తగ్గించేస్తుంది. నాలుగు చక్రాలకీ తోపుడు ఉంటుంది. అందుకే సాఫీగా కదిలిపోతుంది. కానీ బ్రేకులు? మీ కారుకీ నాలుగు చక్రాలకే బ్రేకులు, పక్కింటాయన పాత కారుకీ నాలుగు చక్రాలకే బ్రేకులు. ఆగే దగ్గర ఆల్ వీల్ డ్రైవ్ మీకు ఇచ్చేదేమీ లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బండి అంత తేలిగ్గా కదిలేసరికి రోడ్డు ఎంత జారుతుందో మీకు తెలియనే తెలియదు. పక్కింటాయనకి డ్రైవ్‌వేలోనే తెలిసిపోయింది. మీకు తెలిసేది మొదటి సిగ్నల్ దగ్గర, బ్రేక్ తొక్కినప్పుడు.

చిన్న లెక్క చేద్దాం. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. బ్రేక్ తొక్కాలని మెదడుకి తోచి కాలు కదిలేలోపే ఒక సెకను, అంటే 14 మీటర్లు అయిపోతాయి. అక్కడి నుంచి, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 12, 13 మీటర్లలో ఆగుతుంది. ఫిజిక్స్ పుస్తకంలో ఘర్షణ గుణకం చదువుకున్నాం కదా, అది పొడి రోడ్డుకి 0.8 అనుకుని వేసిన లెక్క ఇది. గట్టిపడిన స్నో మీద అది 0.25 అనుకోండి, దాదాపు 40 మీటర్లు పడుతుంది. ఐస్ మీద 0.1 అనుకుంటే దాదాపు 100 మీటర్లు! మామూలు వీధిలో 50 మీద వెళ్తూ ఆగడానికి వంద మీటర్లు. ఆ గుణకాన్ని కాస్తయినా పెంచగలిగే వస్తువు కారులో ఒక్కటే, టైరు.

కొందరు ఇంకో మాట అంటారు. "ఈవీ బరువెక్కువ కదా, అందుకని రోడ్డుని బాగా పట్టుకుంటుంది" అని. బరువు ఎక్కువైతే పట్టు పెరిగే మాట నిజమే. కానీ ఆపాల్సిన బరువు కూడా అంతే పెరిగింది కదా. లెక్కలో అదీ ఇదీ కొట్టుకుపోతాయి, మీకు మిగిలేది సున్నా. ఒకవేళ ఆగక ఎదుటివాళ్ళని గుద్దితే మాత్రం ఆ అదనపు బరువంతా వాళ్ళ మీద పడుతుంది.

ఇక్కడ మన భాష గురించి ఒక్క మాట. మనం అన్నిటికీ ఎక్కువగా వాడేది ఒక్కటే పదం, మంచు. పొద్దున్నే పొలాల మీద కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే, గడ్డకట్టేదీ మంచే. లంబసింగిలో టెంపరేచర్ సున్నా దగ్గరికొస్తేనే మనకి టీవీలో పెద్ద వార్త, అంతకన్నా మనకి అవసరం రాలేదు. టైరుకి మాత్రం స్నో వేరు, ఐస్ వేరు, సగం కరిగిన స్లష్ వేరు. కొత్తగా పడిన స్నో మీద టైరు గాళ్ళలో స్నో ఇరుక్కుని, స్నోని స్నో పట్టుకుంటుంది. ఐస్ మీద అలా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడ పనిచేసేవి మెత్తటి రబ్బరు, దాని మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి గీతలు. వాటిని సైప్స్ అంటారు. బ్లాక్ ఐస్ అయితే కంటికే కనపడదు, తడి రోడ్డు లాగే ఉంటుంది. దాన్నే ఎక్కువ భయపడాలి.

రబ్బరు సంగతి చూద్దాం. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే బిగుసుకుపోవడం మొదలుపెడుతుంది. రోడ్డు మీద స్నో లేకపోయినా, ఉత్త చలికే పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు మిశ్రమాన్ని చలిలో కూడా మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. అందుకే స్నో పడేదాకా ఆగకుండా, పొద్దున టెంపరేచర్లు వరసగా 7 కిందకి వస్తున్నప్పుడే మార్చేయండి. పైగా మొదటి స్నో పడ్డాక షాపులో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం.

సరే, కొనడానికి వెళ్ళాం. ఏం చూడాలి? ముందు టైరు పక్కన ఉండే గుర్తులు.

"ఎం ప్లస్ ఎస్" అని ఉంటుంది. బురద, స్నో అని అర్థం. ఇది టైరు గాళ్ళ ఆకారాన్ని బట్టి కంపెనీయే వేసుకునే గుర్తు, దీనికి స్నో మీద పరీక్ష అక్కర్లేదు. రెండోది మూడు శిఖరాల కొండ బొమ్మ, మధ్యలో మంచు పువ్వు. ఇది రావాలంటే స్నో మీద పరీక్ష పాసవ్వాలి. మీకు కావాల్సింది ఈ కొండ గుర్తు. జర్మనీలో అయితే 2024 అక్టోబర్ నుంచి చలికాలపు రోడ్ల మీద ఈ కొండ గుర్తు ఉన్న టైర్లే చెల్లుతాయి, ఉత్త ఎం ప్లస్ ఎస్ సరిపోదు.

అయితే జాగ్రత్త, ఆ పరీక్ష జరిగేది స్నో మీద, ఐస్ మీద కాదు. కాబట్టి కొండ గుర్తున్న టైర్లన్నీ ఐస్ మీద ఒకేలా ఆగుతాయనుకోవద్దు. కొనేముందు ఆ మోడల్‌కి ఐస్ మీద బ్రేకింగ్ టెస్టులు ఎవరైనా చేశారేమో వెతికి చూడండి. పది నిమిషాల పని.

పేర్లతో కూడా తికమక ఉంది. "ఆల్ సీజన్" అంటే అన్ని కాలాలకీ అనుకుంటాం. చాలా ఆల్ సీజన్ టైర్లకి కొండ గుర్తు ఉండదు. "ఆల్ వెదర్" అని వేరే రకం ఉంది, వాటికి ఆ గుర్తు ఉంటుంది, ఏడాదంతా వాడుకోవచ్చు. టొరంటో డౌన్‌టౌన్‌లో ఉంటూ, వారానికి రెండుసార్లు గ్రోసరీకి వెళ్ళేవాళ్ళకి అవి సరిపోవచ్చు. తెల్లవారుజామున షిఫ్టుకి హైవే ఎక్కేవాళ్ళు, బ్యారీ వైపు, సడ్బరీ వైపు వెళ్ళేవాళ్ళు అచ్చంగా వింటర్ టైర్లే తీసుకోండి. మేకులు ఉండే స్టడెడ్ టైర్లకి ఒంటారియోలో ఉత్తర ప్రాంతంలో ఉండేవాళ్ళకే అనుమతి ఉంది, కాబట్టి టొరంటో చుట్టుపక్కల వాళ్ళకి ఆ ఆలోచన వద్దు.

ఇప్పుడు ఈవీ వాళ్ళు తప్పకుండా చూడాల్సింది, లోడ్ ఇండెక్స్. టైరు సైజు పక్కనే ఒక నంబరు ఉంటుంది. 94 అంటే ఆ ఒక్క టైరు 670 కిలోలు మోయగలదు, 98 అంటే 750 కిలోలు. 235/45 ఆర్ 18 అనే ఒకే సైజులో ఈ రెండు రకాలూ దొరుకుతాయి! టైరుకి 80 కిలోల తేడా, నాలుగింటికి కలిపి 320 కిలోలు. అంటే నలుగురు మనుషులు. మా ఫ్రెండ్‌కి ఒక షాపులో "సైజు అదే సార్, రేటు తక్కువ" అని 94 చూపించారు. అతని కారు డోరు దగ్గర స్టిక్కర్ మీద 98 అని ఉంది. ఫోన్‌లో ఆ స్టిక్కర్ ఫొటో ఉంది కాబట్టి అక్కడే చూపించి వద్దన్నాడు. మీరు కూడా ఇవాళే డ్రైవర్ డోరు తెరిచి ఆ స్టిక్కర్ ఫొటో తీసి పెట్టుకోండి. దానికన్నా తక్కువ నంబరు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు. బ్యాటరీ బరువు వల్ల ఈవీలకి సాధారణంగా ఎక్స్‌ఎల్ అని రాసున్న టైర్లు అవసరమవుతాయి, ఇంకా బరువైన వాటికి హెచ్‌ఎల్ అని వస్తున్నాయి.

ఇక రేంజ్. అవును, మెత్తటి రబ్బరు వల్ల వింటర్ టైర్లు కొంచెం రేంజ్ తింటాయి. కానీ అసలు దొంగ అది కాదు. అమెరికాలో ట్రిపుల్ ఏ సంస్థ 2019లో ఈవీలని మైనస్ 7 డిగ్రీల దగ్గర పరీక్షించింది. హీటర్ వేయకుండా నడిపితే రేంజ్ సగటున 12 శాతం తగ్గింది. హీటర్ వేసి నడిపితే 41 శాతం! చూశారా, ఎక్కడ పోతుందో. కాబట్టి టైర్ల దగ్గర పొదుపు చేయకండి. బండి ఛార్జర్‌కి తగిలించి ఉన్నప్పుడే ఫోన్ యాప్‌లోంచి క్యాబిన్ వేడి చేసుకోండి, సీట్ హీటర్ వాడండి. ఇంకోటి, మీ కారుకి కంపెనీ అనుమతించిన చిన్న రిమ్ సైజు ఉంటే చలికాలానికి అది తీసుకోండి. 20 అంగుళాల బదులు 18 అనుకోండి, టైరు ధర తగ్గుతుంది, రేంజ్ కొంత కలిసొస్తుంది, గుంతల్లో పడ్డా రిమ్ వంగే భయం తక్కువ. ఆర్డర్ పెట్టేముందు బ్రేకులకి తగలకుండా పడుతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. కొన్ని ఈవీల గాలి సెన్సర్లు బ్లూటూత్‌తో పనిచేస్తాయి, మామూలు సెన్సర్లు వేస్తే కారు గుర్తుపట్టదు. అది కూడా ముందే అడగండి.

గాలి మర్చిపోవద్దు. టెంపరేచర్ 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. 15 డిగ్రీలున్న రోజున 42 నింపి వదిలేస్తే, మైనస్ 15 వచ్చేసరికి 36, 37కి దిగిపోతుంది. టైరు లీకు అవ్వలేదు, చలికి గాలి ముడుచుకుంది, అంతే. నెలకోసారి చూసుకోండి. పొద్దున బండి తీయకముందు చూస్తేనే సరైన లెక్క వస్తుంది.

నడిపే పద్ధతి కూడా కొంచెం మారాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే బండి తనంతట తనే మందగిస్తుంది కదా, రీజెన్. వెనక చక్రాలకి మాత్రమే మోటారు ఉన్న కారులో ఆ లాగుడంతా వెనక చక్రాల మీదే పడుతుంది. ఐస్ మీద మలుపులో ఒక్కసారిగా కాలు తీస్తే వెనక భాగం పక్కకి జారే ప్రమాదం ఉంది. రీజెన్ తగ్గించే సెట్టింగ్ ఉంటే జారుడు రోజుల్లో తగ్గించండి, లేకపోతే కాలు మెల్లమెల్లగా తీయండి. బ్యాటరీ బాగా చల్లగా ఉన్నప్పుడు రీజెన్ దానంతటదే తగ్గిపోతుంది, అప్పుడు బ్రేక్ పెడల్ మీద కాలు సిద్ధంగా ఉండాలి.

"అన్నా, డబ్బులు తక్కువున్నాయి, రెండు వేసుకుంటే?" వద్దు. ముందు రెండు వేస్తే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం తిరిగిపోతుంది. వెనక రెండే వేస్తే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. నాలుగూ ఒకే రకం వేయండి. బడ్జెట్ లేకపోతే సెకండ్ హ్యాండ్‌వి చూడండి, తప్పేం లేదు. రెండు చూసుకోవాలి. టైరు మీద డాట్ నంబరులో చివరి నాలుగు అంకెలు. 3523 అంటే 2023లో 35వ వారం తయారైంది. రెండోది గాళ్ళ లోతు. 4 మిల్లీమీటర్ల దగ్గరికి అరిగిపోయిన టైరు స్నోలో పనికిరాదు, ఎంత చవకైనా వదిలేయండి.

రూల్స్ త్వరగా చెప్పేస్తాను. క్యూబెక్‌లో రిజిస్టరైన కార్లకి డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియాలో చాలా రోడ్ల మీద అక్టోబర్ 1 నుంచే బోర్డులు పెడతారు. ఒంటారియోలో చట్టం బలవంతం చేయదు, కానీ 2016 నుంచి వింటర్ టైర్లున్నవాళ్ళకి ఇన్సూరెన్స్ కంపెనీలు డిస్కౌంట్ ఇవ్వాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, ఫోన్ చేసి అడగండి. ఇంకో లెక్క, వింటర్ టైర్లు నడిచినన్నాళ్ళూ మీ పాత టైర్లు గ్యారేజ్‌లో అరగకుండా ఉంటాయి. ఖర్చులో కొంత అలా వెనక్కొస్తుంది. టైర్లు మార్పించేటప్పుడు షాపువాళ్ళకి ఇది ఈవీ అని ముందే చెప్పండి. కింద బ్యాటరీ ఉంది, జాకీ కంపెనీ చూపించిన చోటే పెట్టాలి.

కాబట్టి తమ్ముడూ, నీ కారు బాగా కదులుతుంది, ఒప్పుకుంటా. కానీ 401 మీద ముందు బండి సడెన్‌గా ఆగినప్పుడు నిన్ను కాపాడేది మోటారు కాదు. నాలుగు టైర్లు రోడ్డుని తాకే చోటు, ఒక్కోటీ దాదాపు నీ అరచేయంత. పక్క సీట్లో కూర్చున్న మనిషి, వెనక పిల్లల సీటు, అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఉన్నాయి. డబ్బులు అక్కడ పెట్టు.

మీ కారు ఏదో, మీ ఊరేదో, డోరు స్టిక్కర్ మీద లోడ్ ఇండెక్స్ ఎంతుందో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. కొత్తగా కెనడా వచ్చిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే స్నో పడకముందే ఇది పంపించండి. జాగ్రత్తగా నడపండి, ఉంటానండి మరి.