సాంతము వినక తీర్పు తగదు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



వైశాఖమాసమున హాలియా వాగు నొడ్డున నిలిచిన బాటసారి ఇసుకను చూచి, “ఇందు నీరెక్కడిది?” అనును. శ్రావణమున ముసురుపట్టిన దినమున వచ్చినవాడు గట్టుననే నిలిచి, “దీనిని దాటుట యెట్లు?” అనును. ఇరువురును అసత్యమాడలేదు, ఇరువురును వాగును పూర్తిగా చూడలేదు. తోడి మనుష్యుని గూర్చి లోకులు పలుకు తీర్పులలో పెక్కు ఇట్టివే.

భారతము శాంతిపర్వమున చిరకారి కథ కలదు. గౌతముడు భార్యపై కోపించి, ఆమెను వధింపుమని కుమారునకు ఆజ్ఞయిచ్చి అడవికేగెను. చిరకారి ఏ పనినైనను దీర్ఘముగా ఆలోచించి చేయువాడు. అందుచే లోకులు అతనిని మందుడనెడివారు. తండ్రిమాట దాటుట అధర్మము. తల్లిని చంపుట అంతకంటె అధర్మము. ఏది కర్తవ్యమని అతడు తలపోయుచునే యుండెను. ఇంతలో అడవియందు గౌతముని కోపము చల్లారెను. అతిథిగా వచ్చిన ఇంద్రుని వలన జరిగినదానికి ఇల్లాలు దోషి కాదని తోచెను. కన్నీటితో మరలివచ్చి చూడగా ఆమె బ్రతికియున్నది. కుమారుడు ఆయుధము విడిచి పాదములపై వ్రాలెను. లోకము నవ్విన మాంద్యమే ఆ యింటిని నిలిపినది.

వాలిసుగ్రీవులకు అట్టి భాగ్యము లేకపోయెను. బిలద్వారమున నెత్తురు చూచి, అన్న మడిసెనని తలచి, సుగ్రీవుడు బండ అడ్డము వేసెను. వాలి వెలికివచ్చి, తమ్ముడు రాజ్యమేలుట చూచి, ద్రోహియని నిశ్చయించెను. తమ్ముడు చేతులు మోడ్చి చెప్పినది చెవినిడలేదు. ఒకడు సగము చూచి, ఒకడు సగమైనను వినక నిర్ణయించిరి. ఆ పగ వాలి ప్రాణముతోగాని తీరలేదు.

ఇది పురాణకాలపు దోషము మాత్రమే కాదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసెను. పాలమూరు సీమకు చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారు. వారు ఊరూర నుండి కవుల వివరములు సేకరించి, 1934లో 354 మంది కవులతో “గోలకొండ కవుల సంచిక”ను వెలువరించిరి. పండితుని ఒక్క వాక్యమునకు ఎదురుగా 354 మంది సాక్షులు నిలిచిరి! వారు అంతకు ముందును ఉండిరి, అడిగినవారే లేరు.

పల్లెలో ఈ నీతి అన్నముతో ముడిపడియున్నది. పహాణీలో పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు వేరొక గడిలోను ఉండెడిది. మొదటిది మాత్రమే చదివి కాగితము మడిచినచో, ఏండ్ల తరబడి దున్నినవాడు చేను విడిచి పోవలసివచ్చెడిది. రెండవది మాత్రమే చదివినచో, దిక్కులేక చేనును కౌలుకిచ్చి బ్రతుకు వితంతువు అన్యాయమైపోయెడిది. అందుకే 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము క్రింద రక్షిత కౌలుదారుల పట్టికలు వేరుగా ఏర్పడెను. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూమి తగవులలో విప్పబడుచున్నది. గడులన్నియు చదివి, సరిహద్దు రైతులను విచారించి, ఇరుపక్షములను ఆలకించిన పిమ్మటనే కలము కదలవలెను. తొందరలో వ్రాసిన పేరును కొట్టివేయుటకు ఒక్కొక్కప్పుడు ఒక తరము పట్టును.

“ఆలస్యము అమృతము విషము” అను సామెత లేదా యని కొందరు ప్రశ్నింతురు. ఉన్నది, అదియు సత్యమే. ఇల్లు కాలుచున్నప్పుడు నీరు పోయుటకు విచారణ వలదు. నిప్పు పెట్టినవాడు వీడేయని చెప్పుటకు మాత్రము విచారణ వలయును. ఆదుకొనుటకు త్వర, అపరాధియనుటకు నిదానము — ఇది రెండు సామెతలకును పొత్తు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము నేర్పుచున్నదియు ఇదియే. ఇచ్చట ఒకదానినొకటి ఖండించు గ్రంథములు ఒకే అలమారలో ప్రక్కప్రక్కన నుండును. నడిమి పుట యొకటి చదివి పుస్తకమును నిందించువానిని తోడి పాఠకులు ఒప్పుకొనరు. పుస్తకమునకు చూపు ఆ మర్యాదను పొరుగువానికిని చూపిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.