గింజను తవ్వి చూడకండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వృత్తి అనుభవాలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరుగా ఊరూరూ తిరిగాను. ఆ కథలు మొదలుపెడితే, ఇంత చక్కటి భోజనం తర్వాత సగంమంది నిద్రపోతారు. అందుకని మా ఇంటి తూర్పు కిటికీ దగ్గరున్న కుండీల గురించి చెబుతాను. వాటికీ మన బడికీ సంబంధం ఉంది.

2021లో నేను నందిగామ తిరిగొచ్చి అమ్మ దగ్గర స్థిరపడ్డాను. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి ఓసారి అవకాడోలు తెచ్చాడు. పండు రుచి అమ్మకు నచ్చలేదు. గింజ మాత్రం నచ్చింది. నిమ్మకాయంత గింజను చేతిలో తిప్పి చూసి, "ఇంత గింజను పారెయ్యడానికి చేతులెలా వస్తాయిరా?" అంది. కడిగి నా చేతికిచ్చింది.

కొబ్బరి పొట్టు నింపిన కుండీలో పెట్టాను. వారం అయింది, రెండు వారాలయ్యాయి, ఏమీ లేదు. మూడు రోజులకోసారి వేలితో పొట్టు తీసి చూసేవాణ్ణి. ఆరో వారంలో అలా కెలుకుతుంటే ఏదో టక్కుమంది. తీసి చూస్తే గింజ పగిలి, అంగుళం పొడవు తల్లివేరు దిగి ఉంది. దాన్నే విరిచాను.

అమ్మ చూసి, "పాలు తోడేసి గంటగంటకీ వేలు పెట్టి చూస్తే పెరుగు తోడుకుంటుందా?" అంది.

ఆ మాటతో నాకు ఏడో తరగతి గుర్తొచ్చింది. సైన్సు మాస్టారు మా అందరిచేతా చిక్కుడు గింజలు నాటించారు. అందరివీ మొలిచాయి, నాది తప్ప. రోజూ బడి వదిలాక తవ్వి చూసి మళ్లీ పూడ్చేవాణ్ణి. మాస్టారికి తెలిసిపోయింది. కొట్టలేదు. "నీకు గింజ మీద నమ్మకం లేదురా అబ్బాయ్, నీ కళ్ల మీదే నమ్మకం" అని మరో గింజ చేతిలో పెట్టారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక్కడొక విషయం దాచకుండా చెప్పాలి. ఆ రోజుల్లో మా అబ్బాయికి రెండు సబ్జెక్టులు పోయాయి. నేను రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేవాణ్ణి. ఏం చదివావు, ఎన్ని చాప్టర్లయ్యాయి, ఇంటర్నల్స్‌లో ఎన్నొచ్చాయి. కొన్నాళ్లకు వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్లమ్మ ఫోన్‌కి కూడా పొడిపొడి జవాబులే. విరిగిన వేరు చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు, నేను కెలుకుతున్నది ఆ కుండీ ఒక్కటే కాదని తెలిసింది.

రెండో గింజను అమ్మ తన చేతుల్లోకి తీసుకుంది. వెడల్పు వైపు కిందికి, మొనదేలిన వైపు పైకి ఉంచి, మూడు పుల్లలు గుచ్చి, అడుగుభాగం నీళ్లలో మునిగేలా పెట్టింది. అదీ స్టీలు చెంబులో, నాకు కనపడకుండా! నీళ్లు మార్చడం ఆమె పనే. రెండు నెలలకు ఎర్రటి మొలక పైకొచ్చింది. ఇప్పుడది నాలుగడుగుల మొక్క.

ఆసక్తి ఉన్నవాళ్లకు నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు. అవకాడో, లీచీ, పనస గింజలు ఎండితే చస్తాయి. మిరప విత్తనంలా ఎండబెట్టి దాచకూడదు, పండు తిన్నవెంటనే నాటాలి. లీచీ గింజల్ని వారం రోజులు కిటికీలో ఎండబెట్టి నేను పోగొట్టుకున్నాను. కివీ గింజల్ని తడిగుడ్డలో చుట్టి నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే మొలిచాయి కానీ, మే నెల దాటలేదు. డ్రాగన్ ఫ్రూట్ గింజలు ఆవగింజకన్నా చిన్నవి, అయినా రెండు వారాల్లో మొలిచాయి. అనాసపండు పైన ఉండే పిలకను మెలితిప్పి తీసి, కింది ఆకులు నాలుగు వరసలు ఒలిచి, మూడు రోజులు ఆరనిచ్చి నాటితే వేళ్లు వేస్తుంది. బాగా ఎదిగాక పూత రాకపోతే, మొక్కను ఒక ముగ్గిన యాపిల్‌తోపాటు కొన్నాళ్లు ప్లాస్టిక్ సంచితో కప్పవచ్చు. యాపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూతకు ప్రేరణ ఇస్తుంది.

మన మెట్ట ప్రాంతంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి ఎండ. మేలో 45 డిగ్రీల ఎండకు అవకాడో లేతాకులు మాడిపోతాయి. అందుకే ఇంట్లో, పొద్దుటి ఎండ తగిలే తూర్పు కిటికీ దగ్గర పెట్టాను. గది మధ్యలో పెడితే వెలుగు చాలదు. ఆరుబయట ఎండ లక్ష లక్సులుంటే, గది మధ్యలో నాలుగైదు వందలు కూడా ఉండదు. రెండోది నీళ్లు. మన జగ్గయ్యపేట సిమెంటుకు పేరు తెచ్చిన సున్నపురాయే మన బోరు నీళ్లలోనూ ఉంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టింది, ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. ఇప్పుడు వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి పోస్తున్నాను.

"ఇంతకీ కాస్తుందా?" అని అందరూ అడుగుతారు. కాయకపోవచ్చు. గింజ నుంచి వచ్చిన అవకాడో కాపుకు రావడానికి నేలలోనే పదేళ్లు పట్టవచ్చు. వచ్చినా, తిన్న పండులాంటిదే వస్తుందన్న హామీ లేదు. అందుకే తోటల్లో అంటు కడతారు.

ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే అవకాడో రకం పేరు హాస్. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మన్ 1920లలో కొన్ని గింజలు నాటి, వాటిమీద పేరున్న రకం అంటు కట్టించాడు. ఒక మొక్కకు ఎన్నిసార్లు కట్టినా అంటు అతకలేదు. కొట్టేద్దామనుకుని కూడా చివరికి దాన్ని దాని మానాన వదిలేశాడు. అది కాసిన కాయలు అతని పిల్లలకు తెగ నచ్చాయి. 1935లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తల్లిచెట్టు 2002 దాకా బతికింది.

ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను. మా అబ్బాయికి ఇంజనీరింగ్ అంటు కట్టింది నేనే. వాణ్ణి అడగలేదు.

ఆ రాత్రి నుంచి తొమ్మిదింటి ఫోన్ మానేశాను. అది చాలా కష్టమైన పని. వాడు డిగ్రీ ఏడాది ఆలస్యంగా పూర్తి చేశాడు. ఇంకా కుదురుకోలేదు. ఏం చేస్తాడో నాకు తెలియదు. ఇప్పుడు ఫోన్ మాత్రం వాడే చేస్తాడు. "నాన్నా, మొక్క ఎలా ఉంది?" అని మొదలుపెట్టి, తర్వాత తన సంగతులు చెబుతాడు. నేను వింటాను.

విదేశీ మొక్కలు మనకెందుకని కొందరంటారు. మన నందిగామ మిరప అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. జామ, బొప్పాయి, సపోటా, మనం కొండల్లో కోసుకున్న సీతాఫలం, అన్నిటి పుట్టిల్లూ అటే. ఎవరో ఒకరు మొదట ఒక గింజ నాటి ఓపిక పట్టారు కాబట్టే అవి మనవయ్యాయి.

చివరగా ఒక విన్నపం. మన సైన్సు గదికి తూర్పున మంచి కిటికీ ఉంది. నా కారులో ఆరు కుండీలు, సంచీడు కొబ్బరి పొట్టు తెచ్చాను. ఏడో తరగతి పిల్లలు ఇంట్లో తిన్న పండ్ల గింజలు తెచ్చి నాటుకోవాలి. మార్కులు వద్దు, పోటీ వద్దు. షరతు ఒక్కటే, తవ్వి చూడకూడదు. ఎవడో ఒకడు తప్పకుండా తవ్వుతాడు. ఉపాధ్యాయులు దయచేసి వాణ్ణి తిట్టకండి. మా మాస్టారిలా మరో గింజ చేతిలో పెట్టండి. వాడికి అర్థం కావడానికి నలభై ఏళ్లు పట్టినా ఫరవాలేదు.